ప్రెసిడెంటు గారి లైబ్రరీని ఎండబెట్టిన వానాకాలం

పోయిన నెలలో ధవళేశ్వరంలో ఆఫీసు పని మధ్యాహ్నానికే ముగిసింది. రాజమండ్రి వెళ్ళి రైలు కోసం కూర్చునే బదులు బ్యారేజీ దాటి, కొవ్వూరులో బస్సు మారి, పోలవరం దారిలో గోదావరి గట్టు పక్కనున్న మా అత్తయ్య వాళ్ళ ఊళ్ళో దిగాను. అత్తయ్య పోయి చాలాకాలమైంది. ఆమె కొడుకు రాంబాబు బావ ఆ రోజు వ్రతానికని కుటుంబంతో అన్నవరం వెళ్ళాడట, ఇంటికి తాళం. తిరుగు బస్సుకి ఇంకా టైముంది కాబట్టి నాలుగిళ్ళ అవతలున్న ప్రెసిడెంటు గారి లైబ్రరీకి వెళ్ళాను. మా వైపు పంచాయతీ సర్పంచిని ఇప్పటికీ ప్రెసిడెంటు గారనే అంటారు. ఒకసారి ఆ పదవి చేసినాయన బతికున్నన్నాళ్ళూ ప్రెసిడెంటు గారే, పోయాక కూడా ప్రెసిడెంటు గారే. ఈ లైబ్రరీ పెట్టిన ప్రెసిడెంటు గారు మా మావయ్య, అంటే అత్తయ్య భర్త.

బల్ల దగ్గర డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి కూర్చుని ఉంది. నేనెవరో తనకి తెలియదు. "రండి సార్, చూడండి. ముందు గది లైబ్రరీ అండి, వెనక గది మ్యూజియం" అని మర్యాదగా చూపించింది. మ్యూజియంలో ఉన్నవి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు: పంచాయతీ రేడియో, చెక్క బ్యాలెట్ పెట్టె, దండోరా డప్పు, పెట్రోమాక్స్ లైటు, మావయ్య కూర్చున్న మడత కుర్చీ, గోడ మీద ఏ వరదకి నీళ్ళు ఎంతదాకా వచ్చాయో రంగుతో గీసిన గీతలు. ఊరుకోలేక, దీని చరిత్ర ఏంటమ్మా అని అడిగాను. "ప్రెసిడెంటు గారికి పుస్తకాలంటే ప్రాణం అంటండి. సొంత స్థలంలో ఆయనే పెట్టారండి. తరవాత వరదలో మునిగిపోతే అప్పటి పెద్దలు బాగుచేశారటండి" అంది. ఆ పిల్ల చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. ఆమెకి ఎవరో చెప్పింది ఆమె నాకు చెప్పింది, అంతే. కానీ 'అప్పటి పెద్దలు' అనే మాట కింద ఎవరెవరున్నారో నాకు తెలుసు. తెలిసినవాళ్ళలో రాసే అలవాటున్నది నాకొక్కడికే. ఆ బల్ల దగ్గర నిలబడే నిశ్చయించుకున్నాను, ఇది రాసి ఆ అమ్మాయి చేతికి ఇవ్వాలని.

మా నాన్న కోనసీమలో టీచరు. రాజమండ్రి పాలిటెక్నిక్‌లో నాకు సివిల్‌లో సీటొచ్చినప్పుడు హాస్టల్ వద్దని అత్తయ్య ఇంట్లో ఉంచాడు. నేను ఆ ఇంటికి వెళ్ళిన మొదటి వారంలోనే అక్కడి పనులన్నీ ఒక వరసలో పెట్టుకుని గుర్తుపెట్టుకున్నాను, నా బుద్ధి అలాంటిది. ముందు పిడకల మీద పాలదాక పెట్టడం, తరవాత పశువులకి కుడితి, తరవాత మొదటి బస్సు డ్రైవరు విసిరేసిన పేపరు తెచ్చుకోవడం, తరవాత మావయ్య చుట్ట. చుట్ట వెలిగిందంటే అత్తయ్య చదవాలి. ఒక చేత్తో పేపరు, ఒక చేత్తో అట్లకాడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి చదివేది. ముందు జిల్లా పేజీ, తరవాత పొగాకు ధరలు, ఆఖరున ఢిల్లీ సంగతులు. మావయ్య మడత కుర్చీలో కళ్ళు మూసుకుని వినేవాడు. మధ్యలో చెయ్యెత్తి "ఆ ముక్క మళ్ళీ చదువు" అనేవాడు. అట్టు మాడినా సరే, ఆ ముక్క మళ్ళీ చదవాల్సిందే. సాయంత్రం దీపం పెట్టాక ఇదే వరస పుస్తకాలతో. మావయ్యకి చూపు తగ్గిందేమో అనుకునేవాణ్ణి. పొద్దున చుట్ట వాసన, పాలు కాగే వాసన, అట్టు మాడిన వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఇప్పటికీ జిల్లా పేజీ గుర్తొస్తుంది.

లైబ్రరీ అంటే ఒకప్పుడు మావయ్య పొగాకు గ్రేడింగ్ చేయించిన షెడ్డు. ప్రెసిడెంటయిన కొత్తలో ఆ పని మెట్టలో ఉన్న బ్యారన్ దగ్గరికి మార్చేసి, షెడ్డుకి కిటికీలు పెట్టించి, చెక్క అరలు కొట్టించి, రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా పుస్తకాలు సంచిలో వేసుకొచ్చి నింపాడు. పంచాయతీకి కొత్త రేడియో వస్తే పాతది వెనక గదిలో పెట్టాడు. అలా మొదలైంది మ్యూజియం. పదవి పోయాక కూడా తాళంచెవి మొలతాడుకే ఉండేది.

నేను రెండో సంవత్సరంలో ఉండగా మావయ్య మాఘమాసంలో పోయాడు. ఆ తరవాత ఇంట్లో పేపరు చదివిన చప్పుడు లేదు. అత్తయ్య పాలదాక దగ్గర ఊరికే కూర్చునేది. బస్సు డ్రైవరు విసిరిన పేపరు మడత విప్పకుండానే సాయంత్రానికి అటకెక్కేది. తాళంచెవి మాత్రం ఆమె కొంగుకి చేరింది. మధ్యాహ్నం అన్నం తిని వెళ్ళి ఆ షెడ్డు తెరిచి, చీకటి పడేవేళకి మూసి వచ్చేది. లోపల ఏం చేస్తోందో ఎవరూ అడగలేదు.

బావకి ఆ షెడ్డు మీద వేరే ఆలోచన ఉంది. కొవ్వూరు నుంచి ఎరువుల వ్యాపారి ఒకాయన వచ్చి మెయిన్ రోడ్డు మీదున్న ఆ షెడ్డుని కొట్టు పెట్టుకోవడానికి అద్దెకి ఇమ్మని అడిగాడు. బావ దుర్మార్గుడేం కాదు. పగలంతా చేలో ఉండే మనిషి, ఖాళీగా ఉన్న దేన్ని చూసినా అతనికి చెయ్యి ఊరుకోదు. "చదివేవాళ్ళేరమ్మా? నాన్న ఉన్నన్నాళ్ళూ నాన్న కోసం వచ్చేవాళ్ళు. దసరాకి ఇచ్చేద్దాం" అన్నాడు. అత్తయ్య తాళంచెవిని కొంగుకి మళ్ళీ గట్టిగా ముడేసుకుంది.

శ్రావణంలో వరదొచ్చింది. గట్టు మీంచి నీళ్ళు దాటుతాయని కబురు రాగానే మా వీధికి దొరికింది ఒక్క ట్రాక్టరు. బావ దాన్ని లైబ్రరీ ముందుకే తెచ్చి ఆపాడు. "ఎక్కించమ్మా, ఒక్క ట్రిప్పే" అన్నాడు. కొట్టు కోసం ఖాళీ చేయించాలనుకున్న మనిషే తల్లి కోసం ట్రాక్టరు తెచ్చాడు, అది కూడా రాయాలి. అత్తయ్య వీధిలోకి చూసింది. ఎదురింటి ముసలమ్మ మంచంలో ఉంది, పక్కింట్లో బాలింత. "వాళ్ళని ఎక్కించు" అంది.

"మరి పుస్తకాలో?"

"పుస్తకాలు తడుస్తాయి. ముసలమ్మ తడిస్తే పోతుందిరా."

మ్యూజియం సామాన్లన్నీ ఎత్తున అటక మీదా, మేకులకీ ఉండేవి కాబట్టి వాటికేం కాలేదు. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే పుస్తకాలు మాత్రం ఉబ్బి, కొన్ని అరల్ని పగలగొట్టుకుని నేల మీద పడున్నాయి. ఒండ్రు పట్టి ఏ పుస్తకం ఏదో తెలియడం లేదు. బావ పార తెచ్చాడు. "దిబ్బలో వేయిస్తానమ్మా. చూడకు, బాధపడతావు."

అత్తయ్య గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "దసరాకి కదా నీకు షెడ్డు కావాల్సింది? దసరా దాకా నా జోలికి రాకు. అప్పటికి ఈ అరల్లో పుస్తకాలు లేకపోతే నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో."

"రోజూ వానేగా. ఎక్కడ ఎండబెడతావు?"

"నీ బ్యారన్‌లో."

బావ నవ్వాడు, తరవాత ఆమె నవ్వడం లేదని చూసి మానేశాడు. బ్యారన్ అంటే పొగాకు ఎండబెట్టే ఎత్తైన ఇటుకల గది. లోపల కిందనుంచి పైదాకా వాసాల వరసలుంటాయి, వాటి మీద ఆకు కట్టిన కర్రలు వేలాడదీస్తారు. బయట పొయ్యిలో కట్టెలు పెడితే ఆ వేడి రేకు గొట్టాల్లోంచి గది అడుగునంతా తిరుగుతుంది. మా ఊరి మెట్టలో ఇలాంటివి చాలా ఉన్నాయి. శీతాకాలం కోతల దాకా అవి ఖాళీ. బావ నా వైపు తిరిగి, "ఏరా డిప్లొమా, మీ పుస్తకాల్లో ఉందా ఇది?" అన్నాడు. లేదు. కానీ తడి పోవాలంటే వేడీ గాలీ రెండూ కావాలని ఉంది, బ్యారన్‌కి పైన గాలి కిటికీలున్నాయి. అదే చెప్పాను. "అయితే నీ బాధ్యతే" అన్నాడు.

ముందు ఒండ్రు కడిగాం. పశువుల గాబులో మంచినీళ్ళు నింపి ఒక్కో పుస్తకాన్నీ మూసి పట్టుకుని ముంచి తీస్తుంటే వీధి వీధంతా నవ్వింది. "పురిటి స్నానాలా అత్తా?" అని అడిగింది మంగమ్మ. ఆవిడ మా చేలో పొగాకు పనికొచ్చే ఆడవాళ్ళకి పెద్ద. "అవునే, నువ్వూ వచ్చి ఒకదాన్ని ఎత్తుకో" అంది అత్తయ్య. మంగమ్మ నిజంగానే కొంగు బిగించి వచ్చింది. ఆమె వెనక ఇంకొందరు. అందరం కలిసి పుస్తకాలని మధ్యకి తెరిచి, కర్రల మీద గుర్రమెక్కించినట్టు వేసి బ్యారన్‌లో వాసాలకి పెట్టాం. పొయ్యి దగ్గర సత్తియ్య కూర్చున్నాడు. పాతికేళ్ళుగా ఆ పొయ్యి అతనిదే.

ఇక్కడే మేం పొరపాటు చేశాం. ఒక్కరు కాదు, అందరం. బ్యారన్‌లో పొగాకు ఎండటానికి ఒక పద్ధతుంది. మొదట కొద్ది వేడి, ఆకు పచ్చదనం పోయి పసుపెక్కేదాకా. తరవాత ఇంకొంచెం, ఆకు ఎండేదాకా. ఆఖరున గట్టి మంట, మధ్య ఈనె ఎండేదాకా. పుస్తకాలు లోపలికెళ్ళి తలుపు పడ్డాక మా ఎవ్వరికీ అవి పుస్తకాలన్న సంగతి గుర్తులేదు. తొంగి చూసే కిటికీలోంచి చూసి బావ "పసుపెక్కింది" అన్నాడు, సత్తియ్య మంట పెంచాడు. నేను థర్మామీటరు చూసి సరిగ్గా ఉందన్నాను. దేనికి సరిగ్గా అంటే, పొగాకుకి. పుస్తకం వీపున లావుగా ఉంది కదా, అది ఈనె లాంటిది, ఎండాలంటే గట్టి మంట కావాలని తీర్మానించుకున్నాం. ఎవరు చేసే పని వాళ్ళ చేతులకి ఎంత అలవాటైపోతుందంటే, వస్తువు మారినా చెయ్యి మారదు.

తలుపు తీసేసరికి ఆకులన్నీ రాలిపోయి ఉన్నాయి. ఆకులంటే కాగితాలు. వీపు జిగురు పొడిపొడిగా రాలిపోయి, అట్టలు అప్పడాల్లా వంకర తిరిగి, కాగితాలన్నీ గొట్టాల మీదా నేల మీదా పరుచుకుని ఉన్నాయి. దారంతో కుట్టిన పాత పుస్తకాలు కొన్ని మాత్రం కర్రల మీద నిలిచాయి. తడైతే చుక్క లేదు. ఎండటం బ్రహ్మాండంగా ఎండాయి. సత్తియ్య తల గోక్కుంటూ "నా చెయ్యి అలవాటమ్మగోరూ" అన్నాడు.

అత్తయ్య గుమ్మంలో కూర్చుండిపోయింది. వంగి ఒక కాగితం తీసి, వెలుతురుకి పట్టుకుని, వంకర సాపు చేసి చదివింది. చదివి, మంగమ్మని పిలిచింది. "ఏమే, ఆకు కర్ర నుంచి రాలితే ఏం చేస్తారే మీరు? పారేస్తారా?"

"ఎందుకు పారేస్తామత్తా? ఏరి మళ్ళీ గుచ్చుతాం."

"ఇవీ గుచ్చండి."

ఆ మర్నాటి నుంచి పని షెడ్డులో. తాటాకు చాపల మీద కాగితాలు. నేను నాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాను: కాగితం రంగు, అచ్చు సైజు, అంచు వెడల్పు, పేజీ నంబరు. ఆ నాలుగూ కలిసినవి ఒక కుప్ప. సగం దాకా బాగానే నడిచింది. తరవాత ఒకే ప్రెస్సులో ఒకే కాగితం మీద అచ్చేసిన నవలలు వచ్చాయి, నా పద్ధతి చేతులెత్తేసింది. అప్పుడు అత్తయ్య మధ్యలో కూర్చుంది. కాగితం అందిస్తే రెండు వాక్యాలు చదివి, "ఇది ఆ కుప్ప, ఇది ఈ కుప్ప" అనేది. కుప్ప పూర్తయితే మంగమ్మ వాళ్ళు దబ్బనంతో ఎడమ అంచున గుచ్చి, పొగాకు కట్టే పురికొసతో బిగించేవాళ్ళు. పని మొదలైన కొద్ది రోజులకి ఇంకో సంగతి జరిగింది. ఊరికే కుట్టడమేంటి, ఏముందో చదవమని ఆడవాళ్ళు అడిగారు. అత్తయ్య గొంతు మాఘమాసం తరవాత మళ్ళీ ఆ షెడ్డులో వినపడింది.

ఒక సాయంత్రం బావ చేలోంచి వస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. కాళ్ళకింకా బురద. "ఏదీ, నిజంగా గుర్తుపడుతున్నావా, నోటికొచ్చింది చెప్పి కుట్టించేస్తున్నావా?" అంటూ ఒక కాగితం ఎత్తి పైకి చదివాడు. "'ఆమె తలుపు తీసేసరికి వాకిట్లో ఎవరూ లేరు.'"

"ఎర్ర అట్ట నవల. ఆ వచ్చినాయన పెరట్లో ఉంటాడు, ఇంకో రెండు పేజీల దాకా ఆవిడకి తెలీదు. అటు వెయ్యి."

ఆడవాళ్ళు నవ్వారు. బావ ఇంకోటి ఎత్తాడు. "'ఆకలి లేనివారు ఉదయం పూట...'"

"అదీ నవలే, ముసలాయన బెంగతో అన్నం మానేస్తాడు."

"కాదమ్మా. అల్లం రసం, తేనె అని ఉంది కింద."

"అయితే వైద్యం పుస్తకం. పోనీలే, అన్నిట్లోనూ ఆకలే" అని తనూ నవ్వింది. బావ గెలిచినవాడిలా మూడోది ఎత్తాడు. నారుమడిలో ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలు అని ఉంది అందులో. అత్తయ్య అతణ్ణి ముగించనివ్వలేదు.

"అగ్గి తెగులు. అట్ట లేని చిన్న పుస్తకం. నువ్వు సొంతంగా చేను చేసిన మొదటి ఏడు నీ నారుమడికి మచ్చలొచ్చాయి గుర్తుందా? మీ నాన్న ఆ పుస్తకం నా చేత మళ్ళీ మళ్ళీ చదివించుకుని పొద్దున్నే వచ్చి నీకు మందు పేరు చెప్పాడు."

"అది నాన్న లైబ్రరీలో చూసి చెప్పాడనుకున్నాను."

"మీ నాన్న చూడ్డమేంట్రా? సంతకం వచ్చు ఆయనకి. మూడో తరగతిలో బడి మాన్పించి గేదెల్ని తోలించారు. పెళ్ళయిన కొత్తలోనే అడిగాడు, నువ్వు చదువు, నేను వింటానని. పంచాయతీలో నాలుగు మాటలు చెప్పాల్సి వస్తే ముందురోజు నేను చదివిందే చెప్పేవాడు."

"మరి ఇన్ని పుస్తకాలు తెచ్చింది?"

"మోసుకొచ్చింది ఆయన. పేర్లు చెప్పి పంపింది నేను. నా ఒక్కదానికి కొంటే ఊరేమంటుందో అని ఊరందరికీ లైబ్రరీ అన్నాడు. ఆ తరవాత ఊరందరూ నిజంగానే వచ్చారు."

ఆమె ఇదంతా గొంతు పెంచకుండా, కాగితం సాపు చేస్తూనే చెప్పింది. మంగమ్మ దబ్బనం ఆపి వింది. బావ తన చేతిలో ఉన్న కాగితం వైపు చూశాడు, బయటికెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చి చాప అంచున కూర్చున్నాడు. "అమ్మా, ఈ అగ్గి తెగులుది ఏ కుప్ప?" అని అడిగాడు.

అప్పటికీ ఇప్పటికీ తేడాలు చూడటం నా వృత్తిలో భాగం. ఇప్పుడు ఆ అరలు ఇనుప అరలు, ఫ్యాను ఉంది, కంప్యూటరుంది, తడి తగలకుండా నేల ఎత్తు పెంచారు. ఒక పుస్తకం పాడైతే కొత్తది తెప్పించడం ఒక్క ఫోను పని. ఇవన్నీ మంచివే, నేల ఎత్తు పెంచిన డ్రాయింగు నేను గీసిందే. కానీ అప్పుడు ఒక పుస్తకం బాగుపడాలంటే దాన్ని ఎవరో ఒకరు చదివి ఉండాలి. చదివిన మనిషి దగ్గర కూర్చుని ఇది దానిదే అని చెప్పాలి. వేరే పద్ధతి లేదు. నేను రెండేళ్ళు కాగితం మీద నేర్చుకున్న లెక్కలేవీ ఆ పని చేయలేదు. అందుకే సైటు మీద ఏదైనా కట్టేముందు, దీన్ని వాడేవాళ్ళెవరు అని ఇప్పటికీ మొదట అడుగుతాను. పైవాళ్ళు విసుక్కున్నా అడుగుతాను.

పండక్కి బావ షెడ్డు గోడలకి సున్నం వేయించాడు గానీ, దసరాకి మా పని పూర్తి కాలేదు. వానలు తగ్గలేదు, పొగాకు నాట్లు మొదలై కొందరు ఆడవాళ్ళు వెళ్ళిపోయారు, ఉన్నవాళ్ళతో కుట్టాం. సగం అరలు నిండాయి, సగం నిండలేదు. పండగ మర్నాడు ఎరువుల వ్యాపారి మాట ప్రకారం వచ్చాడు, వెంట కొలతలకి ఒక మనిషిని తెచ్చుకుని. నేను కుడుతున్న పుస్తకం చేతిలో పట్టుకునే లేచి నిలబడ్డాను. అత్తయ్య లేవలేదు. ఆమె దసరా అని తనే గడువు పెట్టింది, మాట తప్పే మనిషి కాదు.

వ్యాపారి చుట్టూ చూసి, "సున్నం వేయించేశారే రాంబాబు గారూ, బావుంది. సగం అరలు ఖాళీయే కదండీ, మిగతావి ఎప్పుడు తీయిస్తారు?" అన్నాడు.

బావ తువ్వాలు భుజం మీదకి వేసుకున్నాడు. "ఖాళీ కాదండీ. ఆ అరల పుస్తకాలు ఇంకా కుడుతున్నారు."

"ఎప్పటికవుతాయండీ?"

"మా అమ్మనడగండి. ఆవిడ లైబ్రరీ అండి ఇది. నన్నడిగితే ఏం లాభం?"

అత్తయ్య తలెత్తి కొడుకు వైపు చూసింది. చేతిలో కాగితాన్ని చూసుకుని, ఆపిన చోటు నుంచి చదవడం మొదలుపెట్టింది. వ్యాపారి మర్యాదస్తుడు, నిలబడి ఆ పేజీ అయ్యేదాకా విన్నాడు, టీ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన జీపు మలుపు తిరిగాక బావ షెడ్డు మూలకి వెళ్ళి, ఖాళీ గోడని అరచేత్తో తట్టి చూసి, నన్ను పిలిచాడు.

"టేపు పట్టుకోరా డిప్లొమా. ఇక్కడ ఇంకో అర పడుతుందేమో చూద్దాం."